తక్కెడలో రెండో పళ్ళెం

బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
ఎండలు ముదురుతున్న రోజులు

మరదలా,

ముద్దాయివి నువ్వే. లావుపాటి మనిషి ఎదురుపడితే నీ కళ్ళు ముందు ఆ మనిషి మొహం చూడవు, కంచం చూస్తాయి. కంచం చూసి, నడుం చూసి, లోపల్లోపలే ఓ తీర్పు రాసేసి, ఆ తర్వాత తీరిగ్గా "బాగున్నారా?" అని నవ్వుతావు. కాదనకు. ఇది చదువుతూ కూడా "నేనలాంటిదాన్ని కాదు" అనుకుంటున్నావు చూడు, అందరికంటే ముందు ఆ అనుకునేవాళ్ళనే బోను ఎక్కించాలి.

నువ్వు పంపిన డైట్ చార్టు అందింది. నాలుగు మడతలు పెట్టి ఈ గదిలో ఊగుతున్న బెంచీ కాలి కింద దూర్చాను. ఇప్పుడు బెంచీ ఊగడం లేదు. లావుపాటి మనిషికి డైట్ చార్టు వల్ల మేలు జరగడం చరిత్రలో ఇదే మొదటిసారి.

నా తమ్ముణ్ణి కట్టుకున్నదానివి, తూనికల ఇన్‌స్పెక్టరువి. బజార్లో కొట్టువాళ్ళ తక్కెడలు తనిఖీ చేసి జీతం తీసుకుంటావు. సరే. నన్ను తూచే పని ఎవరిచ్చారు నీకు?

ఎన్నో ఏళ్ళుగా డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాను. చెవి నొప్పంటే "బరువు తగ్గండి". కన్ను మసకంటే "బరువు తగ్గండి". బస్సు తలుపులో వేలు నలిగిపోతే, ఒక మహానుభావుడు వేలు చూడకముందే "వాకింగ్ చేస్తారా?" అన్నాడు. చేస్తాను బాబూ, వేళ్ళ మీద మాత్రం కాదు అన్నాను.

ఇక అసలు సంగతి. పోయినేడు నా గుండెకి స్టెంటు గొట్టం వేశారు కదా. ఇప్పుడు కిడ్నీ కూడా మొరాయిస్తోంది. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీను మూత్రంలో కారిపోతోందట. ఇలాగే కారితే కొన్నేళ్ళలో డయాలసిస్ మెషీన్. మెషీన్ అంటే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు. నా రూటులో ఆస్పత్రి వెనక గేటు ఒక స్టాపు. రక్తం కడిగించుకునేవాళ్ళు అక్కడే దిగుతారు, అక్కడే ఎక్కుతారు. ఎక్కేటప్పుడు వాళ్ళ కాళ్ళు మెట్టు అందుకోవు. నేను బస్సుని ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపుతాను. నాకు ఆ స్టాపులో ఆగడం కావాలి, దిగడం కాదు. స్టీరింగు పట్టుకునే బతకాలి నేను.

అందుకని ఒక కొత్త మందు పరీక్షలో చేరాను. బరువు తగ్గించే సూది. వారానికోసారి పొట్ట మీద మనమే పొడుచుకోవాలి. దానితో బరువు తగ్గుతుందని ముందే తెలుసట. ఇప్పుడు తేలాల్సింది వేరు: గుండె ఒకసారి దెబ్బతిని, కిడ్నీ కారుతున్న నాలాంటి వాళ్ళకి ఆ రెండిటినీ ఇది కాపాడుతుందా, లేదా? సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మందు, అంటే ఒట్టి నీళ్ళు. ఎవరికేది పడిందో మాకూ తెలీదు, డాక్టర్లకీ తెలీదు. చీటీ తీసేది కంప్యూటరు.

ఎందుకు చేరానో చెప్పనా? ఈ పరీక్ష చూసే డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "మీ రూటు చివర బాత్రూం ఉందా?" లేదన్నాను. "మరి డ్యూటీలో నీళ్ళు తాగుతారా?" తాగననే చెప్పాను. ఎక్కడికి పోను తాగి? ఆవిడ అది కాగితం మీద రాసుకుంది. నేనెన్ని రొట్టెలు తింటానో ఆవిడ అడగనే లేదు.

ఈ విషయం ఫోన్లో చెప్పలేదని అలగకు. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, కాగితం మీదయితే ఒకరైనా నోరు మూసుకోవాలి.

నీ వదిన


తూనికల ఆఫీసు, మెట్ల పక్క గది
ఫ్యాను తిరగని మధ్యాహ్నం

వదినా,

కవరు మీద చేతిరాత నాది, లోపలి పాపం నీ తమ్ముడిది. ఆయనే పేపర్లోంచి కత్తిరించి "మా అక్కకి పంపు" అన్నాడు. "మీ అక్క నోటికి నేనెందుకు బలి కావాలి?" అంటూనే పంపాను. శిక్ష సగం ఆయనకి కూడా వెయ్యి. నువ్వు రాసింది పైకి చదివి వినిపించాను. "మా అక్క బాగానే ఉందన్నమాట" అని నవ్వాడు. తర్వాత గిన్నెలన్నీ తనే కడిగాడు. ఎప్పుడు కడుగుతాడో నీకు తెలుసుగా. భయం వేసినప్పుడే.

అత్తయ్యని ఆ మెషీన్‌కి కట్టేసిన రోజులు మేమూ చూశాం వదినా. వేరే ఏం చెయ్యాలో తెలీక ఆ చార్టు పంపాం. తెలీనప్పుడు మనుషులు సలహాలిస్తారు. అది నేరమే అయితే జైళ్ళు చాలవు.

కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకో, పర్లేదు. మీ డిపో గోడపత్రికలో "మందుల కంపెనీలు మన ఒంటిని పొలంలా దున్నుకుంటున్నాయి" అని ఎర్ర అక్షరాలతో రాసిందెవరమ్మా? ఇప్పుడా పొలాన్ని నువ్వే తీసుకెళ్ళి నాగలి కింద పెడుతున్నావా?

ఉత్తుత్తి మందు సంగతి మాత్రం నాకు నచ్చింది. ఒంటి పళ్ళెం తక్కెడ నేనింతవరకు చూడలేదు. రెండో పళ్ళెం లేకపోతే అది తూకం కాదు, కొట్టువాడి నోటిమాట.

ప్రతి ఉత్తరంలో నాలుగు సంగతులూ రాయాలి: గుండె, బరువు, కిడ్నీ, నీ నోరు. నాలుగోది ఎలాగూ రాస్తావు.

మరదలు


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
మొదటి వానలు

మరదలా,

కంపెనీ మీద కోపం ఎక్కడికీ పోలేదు. కోపమూ నాదే, కిడ్నీ కూడా నాదే. ఒకదాని కోసం రెండోదాన్ని చంపుకోవడానికి నేనేం పిచ్చిదాన్నా? వాళ్ళ ఒప్పంద పత్రం మొత్తం చదివాను. అర్థం కాని ప్రతి వాక్యం కింద ఎర్రగీత పెట్టాను. పాపం డాక్టరమ్మ ఒక పూటంతా కూర్చుని గీత గీతకీ జవాబు చెప్పింది. చివర్లో "మీరు ఇంకో ఉద్యోగం చేస్తున్నారా అండీ, లాయరుగా?" అంది.

సూది మొదలుపెట్టాను. పెన్నులా ఉంటుంది, నొక్కితే టిక్కుమంటుంది. ఇక విను: నాకు పడింది అసలు మందే! అనుమానం అక్కర్లేదు. మొదటి వారమే కడుపులో తిప్పింది. రెండో వారం టీ వాసన పడలేదు. నేను, టీ వద్దన్నాను! డిపో అంతా కబురు పాకింది. మూడు కిలోలు తగ్గాను కూడా.

పాపం మా క్యాంటీన్ వంటాయనకి పడింది మాత్రం నీళ్ళే. ఆయనా నాలాగే ఈ పరీక్షలో ఉన్నాడు. కడుపులో తిప్పడం లేదు, వాంతి లేదు, మామూలుగా తింటున్నాడు. "నా మొహానికి అసలుది ఎందుకు పడుతుందిలే అక్కా, చిన్నప్పట్నుంచీ నాది ఇదే వరస" అని గరిటె పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన కిడ్నీ నాకంటే అధ్వానం. ఇంట్లో సంపాదించేది ఆయనొక్కడే.

ఇదేం న్యాయం చెప్పు? ఒకే రోగం, ఒకే డిపో, ఒకరికి మందు, ఒకరికి నీళ్ళు! సమ్మెలో మేం ఒక్క రొట్టెని ఆరుగురం పంచుకున్నవాళ్ళం. అందుకని ఒక ఏర్పాటు చేశాను. వచ్చే నెల పెట్టెలు రాగానే, సీలు విప్పని పెన్నులు సగం సగం మార్చుకుంటాం. ఒక వారం నాది ఆయనకి, ఒక వారం ఆయనది నాకు. పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరికీ తెలీదు. ఆయన మొదట ఒప్పుకోలేదు, నేను సమానత్వం గురించి గంట ఉపన్యాసం ఇచ్చాక ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే ఉపన్యాసం ఆపితే చాలని ఒప్పుకున్నాడు.

నీ వదినని చూసి గర్వపడు.

నీ వదిన


తూనికల ఆఫీసు
అందగానే చదువు

వదినా,

ఆపు. మిగతాది తర్వాత చదువు, ముందు ఆపు.

పోయిన నెల బజార్లో ఒక ముసలాయన కొట్టు తనిఖీ చేశాను. బీదవాళ్ళు వస్తే తక్కెడలో రాళ్ళున్న పళ్ళెం మీద బొటనవేలు ఆనించి, తూగేదానికంటే కాస్త ఎక్కువ ఇస్తాడు. జాలి. మంచివాడు. అయినా ఆ తక్కెడకి సీలు వెయ్యలేదు నేను. జాలితో పెట్టిన వేలైనా తక్కెడ చెప్పేది అబద్ధమే. "నాకు జాలి ఉందమ్మా" అన్నాడు. "జాలి ఉంటే తూచాక ఇంకో గుప్పెడు వెయ్యి తాతా, తూకంలో వెయ్యకు" అన్నాను.

నువ్వు చేస్తున్నది అదే. మీ ఇద్దరి పళ్ళేలు కలిపేస్తే ఏది మందు వల్ల, ఏది నీళ్ళ వల్ల? మీలాంటి తెలివైన సమానత్వవాదులు ఊరికిద్దరుంటే చాలు, "మందుకీ నీళ్ళకీ తేడా లేదు" అని తేలుతుంది. అప్పుడు మీ వెనక గేటు స్టాపులో ఎక్కేవాళ్ళ పిల్లలకి ఏం చెప్తావు? సమానంగా పంచుకున్నాం, అందరికీ సమానంగా ఏమీ దొరకలేదు అంటావా?

పైగా ఎవరి ఒంటికి ఎంత మోతాదు పెంచాలో వాళ్ళు చూసుకుంటూ పెంచుతున్నారు. ఆయనకి పడనిది జరిగితే డాక్టరమ్మకి ఎందుకో కూడా తెలీదు. గుండె జబ్బు మనిషి, పిల్లల తండ్రి. నీ ఉపన్యాసం వచ్చి ఆయన్ని లేపదు.

పోట్లాడాలని చేతులు దురదగా ఉన్నాయా? పోట్లాడు. మందుతో కాదు, మనుషులతో. పరీక్ష అయ్యాక నీళ్ళు పడ్డవాళ్ళ గతేమిటని అడిగావా? ఎర్రగీతలన్నీ గీశావు కదా, ఆ గీత ఏదీ?

మార్చుకున్నావని తెలిసిందో, ఫోన్ చేస్తాను. ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం.

మరదలు


బస్సు డిపో, బస్సులు కడిగే షెడ్డు పక్కన
వాన వదలడం లేదు

ఇన్‌స్పెక్టరు గారికి,

మార్చుకోలేదు. చాలా?

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నీతో వాదిస్తూ నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ చింపేశాను. అది ఇంకా కోపం. వంటాయనకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "హమ్మయ్య" అని స్టూలు మీద కూలబడ్డాడు. "నాకు మొదట్నుంచీ భయంగానే ఉందక్కా, మీరు మాట్లాడ్డం ఆపితే చెబుదామనుకున్నాను."

నీ రెండో మాట మాత్రం నెత్తి మీద మొట్టికాయలా పడింది. ఆ గీత నేను గియ్యలేదు. సిగ్గుచేటు. సరే, గీశాను. ఎలాగో విను.

ఆ ఆస్పత్రి హాల్లో కుర్చీలు చూడాలి నువ్వు. ఇనప చేతుల కుర్చీలు. లావుపాటి వాళ్ళకి మందు పరీక్ష పెట్టి, బక్కవాళ్ళకి కుర్చీలు వేశారు! నేను కూర్చుంటే దిగాను గానీ, పేరు పిలవగానే లేస్తే కుర్చీ కూడా నాతో లేచింది. సిస్టరమ్మ వెనక నుంచి లాగింది, వంటాయన ముందు నుంచి లాగాడు. ఊడొచ్చేసరికి ముగ్గురం కింద ఉన్నాం, కుర్చీ ఒక్కటే నిలబడి ఉంది. బీపీ చూసే పట్టీ సంగతి సరే సరి. నా చేతికి చుట్టి గాలి కొడితే ఠప్పున ఊడి ఎదుటాయన కళ్ళద్దాల మీద పడింది.

ఆ రోజే అన్నాను, "ఇక మనం కూర్చోం." హాల్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. టీచరు, తాపీ మేస్త్రి, ఇద్దరు ముసలమ్మలు, మేము. కుర్చీలన్నీ ఖాళీ. డాక్టరమ్మ బయటికొచ్చి "ఏమైందండీ?" అంది. "నిలబడే సమ్మె" అన్నాను. ఆవిడ ఒక కుర్చీలో తను కూర్చుని, కుర్చీ చేతుల మీద తన చేతులు పెట్టి చూసి, లేచి, లోపలికెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. తలుపు వేసినా వినబడేంత గట్టిగా మాట్లాడింది. మనిషి మన జాతే అనుకున్నాను.

మరుసటి నెల వెళ్ళేసరికి బెంచీలు! వెడల్పు పట్టీ! ముసలమ్మలిద్దరూ బెంచీ మీద తీరిగ్గా కూర్చుని కాళ్ళూపుతున్నారు.

నీ గీత మాత్రం ఇంకా గీతగానే ఉంది. "పరీక్ష అయ్యాక ఉత్తుత్తి మందు పడ్డవాళ్ళకి అసలుది ఇవ్వాలి" అని అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. డాక్టరమ్మ పైవాళ్ళకి పంపిందట. "పరిశీలిస్తాం" అని వచ్చింది. నేను యూనియన్ మనిషిని, "పరిశీలిస్తాం" అంటే ఏమిటో నాకు తెలుసు. ప్రతి నెలా గుర్తు చేస్తాను. వాళ్ళ చెవికి నేనే సూది.

గుండె బావుంది. బరువు ఆగింది. నోరు చూస్తున్నావుగా.

నీ వదిన


తూనికల ఆఫీసు, మెట్ల పక్క గది
చలి మొదలు

వదినా,

కుర్చీ నీతో లేచిన ఘట్టం ఆఫీసులో చదివి వినిపించాను. మా ఆఫీసరు నవ్వి నవ్వి, ఆ తర్వాత తన గది బయటున్న చేతుల కుర్చీలని చూసి నవ్వడం మానేశాడు. మర్నాడు బెంచీ వేయించాడు. నీ సమ్మె ఇక్కడ కూడా గెలిచింది.

ఇప్పుడు విను. ఆ ఉత్తరంలోనూ, తర్వాత వచ్చిన రెండు చిన్న ఉత్తరాల్లోనూ గుండె ఉంది, బరువు ఉంది, నోరు నిండుగా ఉంది. కుర్చీలు ఉన్నాయి, పట్టీ ఉంది, ముసలమ్మల కాళ్ళు కూడా ఉన్నాయి. కిడ్నీ ఎక్కడ?

తక్కువ తూగే బస్తా మీద చెయ్యి వేస్తే నాకు తెలిసిపోతుంది. తెరవక్కర్లేదు.

మరదలు


ఇల్లు, వంటగది బల్ల
చలి

మరదలా,

పెరిగింది. కారడం పెరిగింది. చేరినప్పటి కంటే బాగా. సాయంత్రానికి కాళ్ళు వాచి బూట్లు పట్టడం లేదు, లేసులు తీసేసి నడుపుతున్నాను. తమ్ముడికి చెప్పకు, గిన్నెలన్నీ అరగదీస్తాడు.

నా మాట నాకే అడ్డం పడుతోంది. నాకు అసలు మందు పడిందని డిపో అంతా చాటాను. అసలు మందు తీసుకుంటూనే ఇలా అయిందంటే, మందు పనికిరానిదనేగా? ఇంతమంది ఊరికే పొడుచుకుంటున్నాం. వెనక గేటు స్టాపులో ఇప్పుడు వాళ్ళు ఎక్కుతుంటే అద్దంలోకి చూడడం మానేశాను.

మానెయ్యనా ఈ పరీక్ష? ఎప్పుడు కావాలంటే అప్పుడు మానొచ్చని ఒప్పందంలో ఉంది. ఆ వాక్యం కింద ఎర్రగీత లేదు, అది నాకప్పుడే అర్థమైంది.

వదిన


తూనికల ఆఫీసు
వెంటనే

వదినా,

ముల్లు ఇంకా ఊగుతోంది. ఊగే ముల్లుని చూసి తూకం చదివేవాణ్ణి మేం ఉద్యోగంలోంచి తీసేస్తాం.

నీకు ఏ సూది పడిందో నీకు తెలీదు. తెలుసనుకుంటున్నావు. అంతే. మానాలనిపిస్తే మాను, ఒళ్ళు నీది, ఎవరూ అడగరు. కానీ ముందు రెండు పనులు చెయ్యి. డాక్టరమ్మకి కాళ్ళ వాపు సంగతి చెప్పు. నా దగ్గర దాచినట్టు దాచకు. మామూలు మందులు మార్చడానికి ఆవిడకి చేతులున్నాయి, పరీక్ష దానికి అడ్డు రాదు. రెండోది, అద్దంలోకి చూడు. నువ్వు ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపకపోతే వాళ్ళు ఎక్కలేరు.

నీ తమ్ముడికి చెప్పేశాను. గిన్నెలన్నీ మెరుస్తున్నాయి. ఇప్పుడు కిటికీలు తుడుస్తున్నాడు.

మరదలు


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
మళ్ళీ ఎండలు

మరదలా, మరదలా, మరదలా!

కూర్చున్నావా? చేతుల్లేని దాంట్లోనే కూర్చో.

పరీక్ష ఆపేశారు. గడువు ముందే! నేను మొదట కంపెనీ పారిపోయిందనుకుని హాల్లోకి యుద్ధానికి వెళ్ళాను. డాక్టరమ్మ అందరినీ బెంచీల మీద కూర్చోబెట్టింది. పరీక్ష నడిపేవాళ్ళతో సంబంధం లేని కమిటీ ఒకటి మొదట్నుంచీ లెక్కలు చూస్తోందట. అసలు మందు పడ్డవాళ్ళలో గుండెపోట్లు తక్కువ, కిడ్నీలు చెడడం తక్కువ. ఆ తేడా ఎంత తేటగా ఉందంటే, ఇక మిగతావాళ్ళకి నీళ్ళు పొడవడం తప్పని ఆపేశారు. హాలంతా చప్పట్లు. ముసలమ్మలిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, కంప్యూటర్లో చూసి, ఎవరికేది పడిందో చెప్పారు. నేనూ వంటాయనా కలిసే వెళ్ళాం.

"మీకు పడింది ఉత్తుత్తి మందండీ" అంది డాక్టరమ్మ నాతో.

"అబద్ధం" అన్నాను.

"నిజమండీ."

"నాకు కడుపులో తిప్పిందిగా!"

"తిప్పింది."

"టీ మానేశానుగా!"

"మానేశారు. రాసుకున్నాం."

"నీళ్ళకి ఎవరైనా టీ మానేస్తారా అమ్మా?"

"మీరు చాలా నమ్మకంగా పొడుచుకున్నారండీ" అంది, ఎంత ఆపుకున్నా నవ్వు ఆగక.

వంటాయనకి అసలుది! ఆయన నిర్ఘాంతపోయాడు. "నేను తింటూనే ఉన్నాను కదమ్మా?" అన్నాడు. "బెల్టుకి రెండు కన్నాలు కొత్తగా పెట్టినట్టున్నారే?" అంది ఆవిడ. "తోలు సాగిందనుకున్నానమ్మా!" దాదాపు ఏడాదిగా కంచంలో సగం వదిలేస్తూ, వంట బాగా కుదరడం లేదని తనని తనే తిట్టుకున్నాడట. ఆయన కిడ్నీ కారడం సగానికి పడిపోయింది.

మరదలా, నేను ఆ గదిలో నవ్విన నవ్వుకి సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. మందు పనికిరానిది కాదు. నాకు పడలేదు, అంతే! ఆ మర్నాడు వెనక గేటు స్టాపులో అద్దంలోకి చూశాను. అందరి మొహాలూ చూశాను.

ఇంకో మాట. "పరిశీలిస్తాం" అన్నవాళ్ళు పరిశీలించారు! ఉత్తుత్తి మందు పడ్డవాళ్ళందరికీ ఏడాది పాటు అసలు మందు ఇస్తారు. మొదటి పెన్ను వంటాయన చేతుల మీదుగా ఇప్పించారు. "ఇప్పుడు పంచుకుందామా అక్కా?" అన్నాడు గాడిద.

నీ వదిన


తూనికల ఆఫీసు, మెట్ల పక్క గది
ఫ్యాను బాగుచేశారు

వదినా,

దాదాపు ఏడాది పాటు నీళ్ళు పొడుచుకుని డిపో మొత్తానికి వికారం తెప్పించినదానివి నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు ఉత్తరం చదివి, మడత పెట్టి, జేబులో పెట్టుకుని, వీధిలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు. బయట ఏం పని అని అడిగితే, "గాలి బావుంది" అన్నాడు.

ఒకటి చెప్పనా? ఆ పరీక్షలో రెండో పళ్ళెం నువ్వు. మందు పడ్డవాళ్ళ కిడ్నీలు నిలిచాయని ఎలా తెలిసింది? నీది కారుతుంటే, వంటాయనది తగ్గింది కాబట్టి. నువ్వు లేకపోతే ఆయన తూకానికి అర్థం లేదు. వాచిన కాళ్ళతో, లేసుల్లేని బూట్లతో, మానెయ్యకుండా అందులో కూర్చున్నావు చూడు, దానికి నేను సీలు వేస్తున్నాను.

ఇప్పుడు నిజం చెప్పు, కొత్త సూదికి నిజంగానే తిప్పుతోందా?

మరదలు


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
మొదటి వాన, కిటికీ తెరిచే ఉంది

మరదలా,

చిత్రమేమిటంటే, అసలు మందుకి ఏమీ తిప్పలేదు. నమ్మకం చాలక కాబోలు. టీ మాత్రం సగం గ్లాసుకే చాలనిపిస్తోంది.

నిన్న ఫలితాలొచ్చాయి. కారడం తగ్గింది. చేరిన రోజు ఎక్కడ ఉందో అక్కడికి దిగింది, ఇంకా దిగుతోంది. డాక్టరమ్మ "మెషీన్ మాట ఇప్పట్లో ఎత్తక్కర్లేదు" అంది. ఈ పొద్దున డ్రైవింగు ఫిట్‌నెస్ పరీక్ష కూడా పాసయ్యాను. బూట్లకి లేసులు కట్టుకుని వెళ్ళాను. బండి స్టార్టు చేసేసరికి వంటాయన క్యాంటీన్ కిటికీలోంచి గరిటెతో గిన్నె వాయించాడు. డిపో అంతా హారన్లు కొట్టారు. మేనేజరు చెవులు మూసుకుని బయటికొచ్చి, సంగతి తెలిసి, తనూ ఒక బస్సెక్కి హారన్ కొట్టాడు.

సంతోషంగా ఉన్నాను. సంతోషంగా ఉంటే నోరు మూసుకుంటానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఖర్మ. రెండో పళ్ళెం అన్నావుగా నన్ను. విను, పళ్ళెం మాట్లాడుతోంది. రేపు గోడపత్రికలో పెద్ద అక్షరాలతో వస్తుంది, నీకు ముందే పంపుతున్నాను. ఇది ఆస్పత్రికి, కంపెనీకి, డిపోకి, సర్కారుకి, నీకు, ఇది చదివే ప్రతివాళ్ళకీ.

మా డిమాండ్లు:

1. ఉత్తుత్తి మందు పడ్డవాళ్ళకి అసలు మందు ఏడాదికి ఆపకూడదు. అవసరం ఉన్నంతకాలం ఇవ్వాలి.

2. మా ఒంటి మీద తేలిన మందు మా డిపో క్లీనరుకి కూడా అందే ధరలో ఉండాలి.

3. ఫలితాలు ముందు మాకు చెప్పాలి. మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

4. ఏ ఆస్పత్రి హాల్లోనూ చేతుల కుర్చీలు మాత్రమే ఉండకూడదు. వెడల్పు బీపీ పట్టీ ప్రతి గదిలో ఉండాలి.

5. ప్రతి బస్సు రూటుకీ రెండు చివరలా బాత్రూం కట్టాలి. డ్రైవర్లు నీళ్ళు తాగాలి.

6. చెవి నొప్పంటే డాక్టరు చెవి చూడాలి.

7. లావుపాటి మనిషి ఎదురుపడితే మొహం చూడాలి. కంచం ఆ మనిషి సొంత విషయం.

8. మరదలు సెలవు పెట్టి రావాలి. తమ్ముణ్ణి తేవాలి, ఇక్కడ కిటికీలు మురికిగా ఉన్నాయి. డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంచుతాను. తిండి మాట ఎత్తితే మధ్య స్టాపులో దింపేస్తాను.